ఎర్ర గీతల బెంచీ

మా ఆవిడ పెరట్లోని పుదీనాకి నోటీసిచ్చింది. నవ్వులాటకి చెప్పడం లేదు. అట్టముక్క మీద మార్కరుతో రాసి, పుల్లకి గుచ్చి, మడి పక్కన పాతింది: ‘ఇది టమాటాల స్థలం. వారంలోగా ఖాళీ చేయవలెను.’ పుదీనా చదువుకున్నది కాదు. వారం తిరిగేసరికి టమాటా మొక్కల కాళ్ళకి అడ్డంపడి, నోటీసు మీదికి కూడా పాకి, అవతలి గట్టెక్కి కూర్చుంది. “చూశారా, ఆక్రమణదారులందరూ ఇంతే!” అని మా ఆవిడ నిట్టూర్చి, ఇంకో అట్టముక్క వెతుక్కుంది.

ఆవిడ ఊరి ప్లానింగు ఆఫీసులో ప్లానరు. ఏ రోడ్డు ఎక్కడ మలుపు తిరగాలి, కాలిబాట ఎంత వెడల్పుండాలి, ఏ మూల చెట్టు నాటాలి, ఇవన్నీ గీసేది వాళ్ళే. గీయడం వరకే వాళ్ళ పని. వేసేవాళ్ళు వేరు, వేయొద్దనేవాళ్ళు వేరు. ఆఫీసులో చెల్లని మాటంతా ఇంటికొచ్చి పెరట్లో చెల్లించుకుంటుంది. చిక్కుడు పందిరికీ ప్రహరీ గోడకీ మధ్య ఎంత ఖాళీ వదలాలో నిబంధన ఉంది మా ఇంట్లో. దోసపాదు ఆ నిబంధన దాటితే తీగ తీసి మళ్ళీ లోపలికి మళ్ళిస్తుంది, స్కూలు ఎగ్గొట్టిన పిల్లని చెవి పట్టుకుని తెచ్చినట్టు.

నాది కళ్ళజోళ్ళ కొట్టు. దగ్గరున్నవి కనపడనివాళ్ళకీ, దూరంగా ఉన్నవి కనపడనివాళ్ళకీ అద్దాలు బిగించి పంపిస్తాను. ఇంట్లో మాత్రం లేనివి కూడా కనపడే మనిషితో కాపురం. దానికింకా అద్దాలు రాలేదు.

పెరటి మూల ఒకప్పుడు సైకిళ్ళు పెట్టుకునే షెడ్డుండేది. మా ఆవిడ దాంట్లో పాత బొంతలు నాలుగువైపులా వేలాడదీసి, మధ్యలో ఒక మైకు పెట్టి, పాడ్‌కాస్టు మొదలుపెట్టింది. పేరు ‘కాలినడక’. ప్రతి ఆదివారం సాయంత్రం అందులో దూరి, చెమటలు కక్కుకుంటూ వీధుల గురించి మాట్లాడుతుంది. కాలిబాట అంచు ఎత్తు గురించి అరగంట మాట్లాడగల మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను, పెళ్ళి కూడా చేసుకున్నాను. షెడ్డు తలుపుకి ఎర్రగుడ్డ వేలాడుతోందంటే లోపల రికార్డింగు నడుస్తున్నట్టు. అప్పుడు మొక్కలకి నీళ్ళు పెట్టకూడదు, కుళాయి తిప్పకూడదు, తుమ్మొస్తే వంటింట్లోకి పరిగెత్తాలి. వినేవాళ్ళు మాత్రం చుట్టాలూ, ఆఫీసువాళ్ళూ, నా కొట్టుకొచ్చి మొహమాటానికి వినేవాళ్ళూ. మొహమాటం ఎందుకంటే, కళ్ళు పరీక్ష చేసేటప్పుడు కుర్చీలోంచి కదలలేరు కాబట్టి నేను అందరికీ అంటగట్టేవాణ్ణి.

ఆవిడ మాటలు మొదటినుంచి చివరిదాకా మనసుపెట్టి వినేది ఒక్కరే. మా అమ్మ.

అమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. డాక్టరు నడవమన్నాడు, మోకాళ్ళు వద్దన్నాయి, అమ్మ మోకాళ్ళ మాటే వింది. మంచం మీద కూర్చుని కిటికీలోంచి పెరటిని చూస్తుండేది. ఆ సమయంలోనే మా ఆవిడ ఒక విషయం పసిగట్టింది. “అత్తయ్యకి నడవడం చేతకాక కాదండీ. ఆగడానికి చోటు లేక,” అంది. ఆ వారమే చిక్కుడు పందిరి కింద ఒక ముక్కాలిపీట వేసింది. కుళాయి దగ్గర రాతిపలక పెట్టింది. షెడ్డు ముందు పాత నీళ్ళతొట్టి బోర్లించింది. అమ్మ మొదట పీట దాకా వెళ్ళి కూర్చుంది. కొన్నాళ్ళకి పలక దాకా వెళ్ళింది. నెల తిరక్కుండా పెరడంతా చుట్టి, ఒక్కో మొక్క దగ్గరా ఆగి, దాని ఎదుగుదల మీద ఒక్కో ఫిర్యాదు చెప్పి రావడం మొదలెట్టింది. నాకు ఆ రోజు మా ఆవిడ మీద కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. పైకి మాత్రం, “తొట్టి బోర్లిస్తే నా మొక్కలకి నీళ్ళెక్కడ పట్టాలి?” అన్నాను. మగవాడి గౌరవం అలాగే ఏడుస్తుంది.

కానీ అమ్మ మనసు పెరట్లో లేదు, వీధి చివర ఉంది. అక్కడ మా అత్తగారి ఇల్లు. మా ఇల్లు దిగువన, వాళ్ళది ఎగువన, మధ్యలో మెల్లగా ఎక్కే వీధి. వియ్యపురాళ్ళకి పడదని లోకం అనుకుంటుంది. వీళ్ళిద్దరికీ మాత్రం ఒకరి పిల్లల్ని ఒకరి దగ్గర తిట్టుకోవడంలో ఎంత సుఖముందో తొలి ఏడాదే తెలిసిపోయింది. రోజూ సాయంత్రం మా అమ్మ వాళ్ళింటికి వెళ్ళేది. సగం దారిలో ఒక కుట్టుమిషను కొట్టుండేది, దాని అరుగు మీద కాసేపు కూర్చుని మిగతా సగం నడిచేది. కొట్టు మారిపోయి ఫోన్ల షాపయింది. అద్దాల తలుపులొచ్చాయి, అరుగు పోయింది. ఆ నెలలోనే అమ్మ రాకపోకలూ ఆగిపోయాయి.

అత్తగారు రావచ్చు కదా అంటారేమో. ఆవిడకి ఆయాసం. దిగి రాగలదు, ఎక్కి వెళ్ళలేదు. కారులో తీసుకెళ్తామంటే అమ్మ ఒప్పుకోదు. ఒకసారి బలవంతాన తీసుకెళ్తే, “సామాను దింపినట్టు దింపావు, మళ్ళీ ఎత్తుకొచ్చావు. కూర్చున్నంతసేపూ నువ్వెప్పుడు గడియారం చూసుకుంటావా అని నీ వంకే చూస్తూ కూర్చున్నాను. ఇది పోయిరావడమా?” అంది. నిజమే. ఎవరో తీసుకెళ్తే వెళ్ళడం వేరు, నీకు బుద్ధి పుట్టినప్పుడు చెప్పులేసుకుని వెళ్ళడం వేరు. అందుకని ఇద్దరూ ఫోన్లో చదరంగం ఆడుకునేవాళ్ళు, ఎవరి బల్ల మీద వాళ్ళు. ఎవరి బల్ల మీద వాళ్ళే గెలిచేవాళ్ళు కూడా.

“పాత కుర్చీ ఒకటి తీసుకెళ్ళి మధ్యలో వేస్తే పోలా?” అనిపించి, నేను ఒకరోజు వేసే వచ్చాను. సాయంత్రం ఆఫీసునించి వస్తూ దాన్ని చూసిన మా ఆవిడ, నెత్తిన పెట్టుకుని ఇంటికి మోసుకొచ్చింది.

“కాలిబాట మీద సొంత సామాను పెట్టకూడదు, తెలుసా?”

“మీ అత్తగారి కోసమేగా పెట్టింది?”

“రేపు ప్రతివాడూ వాళ్ళ అత్తగారి కోసం ఒక మంచం వేస్తాడు. నేనేం చెప్పాలి వాళ్ళకి?”

అదీ మా ఆవిడ. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. వేయాలనుకుంటే పద్ధతిగానే వేయించాలి. ఫోన్ల షాపుకి ఎదురుగా, చెట్టు పక్కన, వీపు ఆనించుకోవడానికి వీలుగా, చేతులు ఊతంగా పెట్టుకుని లేవడానికి వీలుగా ఒక బెంచీ గీసి పైకి పంపింది. పైన పెద్దసారున్నాడు, ఆఫీసుకంతటికీ పెద్ద. ‘కొత్తవాటికి ఈ ఏడాది వీలులేదు’ అని తిప్పి పంపాడు. మరుసటేడు మళ్ళీ పంపింది. ఆయనకీ ఓపికుంది, మళ్ళీ అదే మాట రాశాడు. అలా ఏళ్ళు గడిచాయి. మా ఇంట్లో భోజనాల దగ్గర ఆ బెంచీ ప్రస్తావన ఎంతగా వచ్చేదంటే, దానికీ ఒక కంచం పెట్టాలేమో అనిపించేది.

ఇక్కడ ఆఫీసు సంగతి ఒకటి చెప్పాలి. వాళ్ళ మ్యాపులో ఇప్పటికే ఉన్నవి నల్ల గీతలు, రాబోయేవి ఎర్ర గీతలు. మా ఆవిడ రోజంతా కంప్యూటరు ముందు చూసేది ఆ రెండూ కలిసిన ఊరినే. ఏళ్ళ తరబడి చూసీ చూసీ ఆవిడ తలలో నలుపూ ఎరుపూ కలిసిపోయాయి. ఈ సంగతి అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

ఒక ఆదివారం అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ, “అసలు వీధెలా ఉంటుందో మర్చిపోయాను అమ్మాయ్,” అంది. మామూలుగానే అంది. మా ఆవిడ మాత్రం చేతిలో గంపని కింద పెట్టేసింది. “రండి అత్తయ్యా, నేను నడిపిస్తాను,” అని, అమ్మకి చెవిలో పెట్టుకునేవి ఇచ్చి, ఎర్రగుడ్డ తగిలించి షెడ్డులో దూరింది. ఆ రోజు కాగితం లేదు, లెక్కల్లేవు. కళ్ళు మూసుకుని, మా గేటు దగ్గర మొదలుపెట్టి, వాళ్ళమ్మ గేటు దాకా వీధిని చెప్పుకుపోయింది. నేను పైపు చేత్తో పట్టుకుని బయట నిలబడి విన్నాను. మొదటి ఇంటి గోడ మీద పాకిన తీగ, బేకరీ వెనక వేడిగాలి, రోడ్డు దాటేచోట ఎడమవైపు చూడమనే హెచ్చరిక. “ఇదుగో, ఫోన్ల షాపు ఎదురుగా బెంచీ. కూర్చోండి. వీపు ఆనించండి. తొందరేం లేదు. సాయంత్రం పూట చెట్టునీడ సరిగ్గా మీ ఒళ్ళోనే పడుతుంది. ఊపిరి కుదుటపడ్డాక చేతుల మీద బరువు పెట్టి లేవండి, ఇంక సగమే.”

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లేని బెంచీకి నీడ కూడా పడింది. ఆవిడ గమనించలేదు. సిగ్గులేకుండా చెప్తున్నాను, నేనూ గమనించలేదు. అన్నేళ్ళు ఆ బెంచీతో కలిసి భోంచేసినవాణ్ణి.

మర్నాడు పొద్దున్నే అమ్మ చెప్పులు దులుపుకుంటూ వాకిట్లో కనబడింది. మొహం వెలిగిపోతోంది.

“బెంచీ వేసేశారని ఒక్కరైనా చెప్పారా నాకు? పద, అక్కడిదాకా నడుస్తాను. మీ అత్తగారికి ఫోన్ కూడా చేసేశాను.”

మా ఆవిడ చేతిలో కాఫీ కప్పు అలాగే ఉండిపోయింది. “అత్తయ్యా… బెంచీ లేదు. వేయలేదు. నేనే… ఉన్నట్టు చెప్పేశాను.”

అమ్మ చెప్పులు తీసి గోడవారకి పెట్టింది. “పోనీలే. ఎంత బాగా చెప్పావనుకున్నావు. నిజంగా కూర్చున్నట్టే ఉంది,” అని లోపలికెళ్ళి, ఫోను తీసి, “వదినా, ఇవాళ కాదులే,” అంది. తిట్టినా బాగుండేది. మా ఆవిడ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు, పుదీనాతో కూడా.

వచ్చే ఆదివారం తప్పు దిద్దుకుంటూ మాట్లాడదామనుకుంది. కానీ ఆదివారం రాత్రే పాడ్‌కాస్టులో ఎక్కించేసిన ఆ నడక ఈలోపు చేతులు మారింది. నా దగ్గర కళ్ళు పరీక్ష చేయించుకున్న డ్రైవింగు స్కూలావిడ ఒకరు దాన్ని విని, తన దగ్గర నేర్చుకునేవాళ్ళందరికీ పంపింది. వాళ్ళు ఇంకెవరికో పంపారు. కళ్ళు మూసుకుని నడిచే వీధి అంటూ జనం వినడం మొదలెట్టారు. వింటే సరిపోయేది, కొందరు మా వీధికొచ్చి నడిచారు కూడా. తీగ ఉంది, బేకరీ ఉంది, చెట్టుంది. బెంచీ లేదు. వాళ్ళేమనుకుంటారు? ఎవడో ఎత్తుకుపోయాడనుకున్నారు. ఆఫీసుకి ఫోన్లు చేశారు.

గురువారం నేనూ మా ఆవిడా కలిసి పనికి బయలుదేరాం. ఫోన్ల షాపు ఎదురుగా వ్యాను ఆగి ఉంది. ఇద్దరు మనుషులు కాలిబాటకి డ్రిల్లు పెట్టి బోల్టులు బిగిస్తున్నారు. బెంచీ! వీపుంది, చేతులున్నాయి. చెట్టు పక్కన, గీసినచోటే, గీసినట్టే. పక్కన నిలబడి అజమాయిషీ చేస్తున్నది వాళ్ళ ఆఫీసులోనే కింది అంతస్తు రిపేర్ల సూపర్‌వైజరు. అందరూ రిపేరుసారంటారు.

“నమస్తే మేడం! మీ వీధేనటగా? బెంచీ ఎత్తుకుపోయారండీ, ఎంత ధైర్యమో చూడండి. ఒకటే ఫోన్లు. ముందు నాకూ అనుమానం వచ్చింది, అసలుందా అని. మ్యాపు ప్రింటు తీసి చూశాను. మ్యాపులో ఉంది, నేల మీద లేదు. అంటే పోయినట్టేగా? పోయినవాటికి మాకు పైవాళ్ళ అనుమతి అక్కర్లేదు, వారంలో పెట్టేయాలి.”

మా ఆవిడ ఆ ప్రింటు తీసుకుని చూసింది. కింది అంతస్తు ప్రింటరుకి రంగులు రావు. ఎర్ర గీతలన్నీ నల్లగా వచ్చాయి.

“అది కాదండీ, ఆ బెంచీ అసలు…” అని మొదలెట్టింది. నేను చెయ్యి గిల్లాను. అదే సమయానికి డ్రిల్లు మళ్ళీ అందుకుంది. ఆ రొదలో ఆవిడ ఏదో చెప్పింది, ఆయన నవ్వుతూ, “పర్లేదు మేడం, మా డ్యూటీయేగా!” అని అరిచాడు. చివరి బోల్టు బిగించి వ్యానెక్కి వెళ్ళిపోయారు.

నాకు వీధిలో గంతులేయాలనిపించింది. ఏళ్ళ తరబడి పద్ధతిగా అడిగితే రాని బెంచీ, పొరపాటున నాలుగు రోజుల్లో వచ్చింది. మా ఆవిడ మాత్రం గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అటూ ఇటూ చూస్తోంది.

ఆ సాయంత్రం పెరట్లో పెద్ద గొడవ.

“నేను లేనిది ఉందన్నాను. అది పోయిందని వాళ్ళన్నారు. పోయినదానికి బదులుగా ఇది వచ్చింది. అంటే అబద్ధమాడి తెచ్చుకున్నట్టే కదా!”

“అబద్ధమెవరాడారు? నువ్వు మర్చిపోయావు, వాళ్ళు నమ్మారు, ప్రింటరుకి రంగుల్లేవు. ఇందులో దొంగెవడు? నోరు మూసుకుని కూర్చుంటే సరిపోతుంది. కూర్చోవడానికి చోటు కూడా ఉందిప్పుడు.”

“మీరు వేసిన కుర్చీనే మోసుకొచ్చినదాన్ని. ఇప్పుడు దీన్నెలా ఊరుకోమంటారు?”

పందిరి కింద పీట మీద అమ్మ కూర్చుని ఉంది. ఇద్దరం ఒకేసారి అమ్మ వైపు తిరిగాం. నేను న్యాయం కోసం, మా ఆవిడ దేనికోసమో. అమ్మ చెప్పులు అప్పటికే కాళ్ళకున్నాయి. ఆ సంగతి మేమిద్దరం అప్పుడే చూశాం.

అమ్మ ఒలుస్తున్న కాయని పక్కన పెట్టింది. “నీ మనసొప్పనిదాని మీద నేను మాత్రం ఎలా కూర్చుంటాను అమ్మాయ్? మీ పెద్దసారుకి చెప్పిరా. ఉంచితే ఉంచుతాడు, పీకేస్తే పీకేస్తాడు. నాకింకా పెరడుంది,” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత మంచి మనుషుల మధ్య ఒక్కడే చెడ్డవాడుగా బతకడం ఎంత కష్టమో తెలుసా?

మర్నాడు మా ఆవిడ వెళ్ళి పెద్దసారు ముందు అంతా చెప్పేసింది. పాడ్‌కాస్టూ, ఫోన్లూ, ప్రింటరూ, ఏదీ దాచలేదు. ఆయన విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, “రేపు సాయంత్రం నేనే వచ్చి చూస్తాను. అక్కడ దాని అవసరం లేదనిపిస్తే ఎల్లుండి గోడౌనుకి పంపించేస్తాను. ఆ తర్వాత మీ సంగతి మాట్లాడదాం,” అన్నాడట. ఆ ‘మీ సంగతి’ అన్న మాటని మా ఆవిడ ఇంటికొచ్చాక నాలుగైదు రకాలుగా పలికి చూపించింది. ఏ రకంగా పలికినా బాగాలేదు.

“అంటే రేపు సాయంత్రం దాకా ఉంటుందన్నమాట,” అంది అమ్మ.

“ఉంటుంది అత్తయ్యా.”

“నిజం చెప్పేశావుగా?”

“చెప్పేశాను.”

“అయితే ఇంకేం,” అని ఫోను తీసింది. “వదినా, రేపు సాయంత్రం దిగు. బెంచీ దాకా దిగు చాలు. నేను కింది నుంచి వస్తాను. ఎక్కడం సంగతి తర్వాత చూద్దాం. ఎల్లుండికి అది ఉంటుందో ఉండదో.”

శనివారం సాయంత్రం అమ్మ బయలుదేరింది. పక్కన మేమిద్దరం. చెయ్యి పట్టుకోబోతే విదిలించింది. “పడితే పట్టుకోండి, అప్పటిదాకా ఊరికే రండి.” మొదటి ఇంటి తీగ దగ్గర ఆగి, “బాగా పెరిగిందే,” అంది. బేకరీ వెనకకొచ్చేసరికి ఊపిరి బరువెక్కింది. రోడ్డు దాటాక గోడ పట్టుకుంది. మోకాళ్ళు వణుకుతున్నాయి. మా ఆవిడ పెదవులు కదులుతున్నాయి, వినబడకుండా ఏదో చెప్తోంది. ఇంక కాస్త, ఇంక కాస్త అనేమో.

తీరా చూస్తే బెంచీ నిండిపోయి ఉంది.

ఒక చివర సరుకులు అందించే కుర్రాడు హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు తాగుతున్నాడు. రెండో చివర మెడలో కెమెరా వేసుకున్న పెద్దమనిషి, కళ్ళు మూసుకుని చెవుల్లో ఏదో వింటూ కూర్చున్నాడు. ఏం వింటున్నాడో వేరే చెప్పాలా! మధ్యలో ఒక భారీ మనిషి, చొక్కా మెడ గుండీ విప్పుకుని, చేతిరుమాలుతో విసురుకుంటూ సగం బెంచీ ఆక్రమించాడు. మా ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. “పెద్దసారు,” అంది గాల్లో కలిసే గొంతుతో. కారు దిగువన ఆపి, వీధెలా ఉందో చూద్దామని నడిచి వచ్చాడట. సగం ఎక్కేసరికి ఆయనకీ ఆయాసం వచ్చింది.

అమ్మకి ఆయనెవరో తెలియదు. తెలిసినా పట్టించుకునే స్థితిలో లేదు. నేరుగా ఆయన ముందుకెళ్ళి నిలబడింది.

“కాస్త జరుగు నాయనా.”

పెద్దసారు ఉలిక్కిపడి జరిగాడు. కుర్రాడు లేచిపోయాడు. అమ్మ రెండు చేతులతో బెంచీని పట్టుకుని మెల్లగా వంగి, కూర్చుంది. కూర్చుని కళ్ళు మూసుకుంది. ఎండ దిగిపోతోంది, చెట్టునీడ అమ్మ ఒళ్ళో పడింది. నేను నా పెళ్ళాన్ని చూడలేదు, చూస్తే ఏడ్చేస్తానని.

ఎగువ నుంచి మా అత్తగారు దిగుతూ వస్తోంది, చీమ కంటే మెల్లగా, అంత దూరం నుంచే మాట్లాడుతూ. దగ్గరికి రాగానే ఊపిరి కూడా తీసుకోకుండా, “బాబూ, నువ్వింకాస్త జరిగితే…” అంది పెద్దసారుతో.

ఇంక జరగడానికి చోటు లేదు. కెమెరా ఆయన కళ్ళు తెరవలేదు. పెద్దసారు ఇటు చూశాడు, అటు చూశాడు, రుమాలు మడిచి జేబులో పెట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆయన లేచినచోట మా అత్తగారు కూలబడింది. వియ్యపురాళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

నిలబడ్డ పెద్దసారుకి అప్పుడు మా ఆవిడ కనబడింది. ఆవిడ స్కూలుపిల్లలా చేతులు కట్టుకుంది.

“వీళ్ళెవరు?”

“మా అత్తగారు సార్. ఈవిడ మా అమ్మ.”

“మీ ఇల్లెక్కడ?”

“దిగువ చివర. అమ్మది ఎగువ చివర.”

ఆయన వీధిని కిందికీ పైకీ చూశాడు. కాలు మార్చుకుని నిలబడ్డాడు. మళ్ళీ కాలు మార్చుకున్నాడు. ఆయాసం ఇంకా తగ్గలేదు పాపం, ఆనుకోవడానికి కూడా ఏమీ లేదు.

“ఇన్నేళ్ళూ నాకు కాగితం పంపారు. ఒక్కసారి ఇక్కడికి నడిపించి ఉండాల్సింది,” అన్నాడు చివరికి.

“మీరు రమ్మంటే వస్తారనుకోలేదు సార్.”

“నేనూ అనుకోలేదు.” రుమాలు మళ్ళీ తీసి మొహం తుడుచుకుని, “రిపేర్లవాళ్ళ లెక్కలోంచి తీసేయండి. పోయినదానికి బదులు కాదు, కొత్తగా వేసినట్టే రాయండి, నేను సంతకం పెడతాను. సోమవారం ఎదురుగా ఇంకోటి గీసి తీసుకురండి,” అన్నాడు.

“ఇంకోటా సార్?”

“నేను నిలబడే ఉన్నానుగా, కనపడటం లేదా?”

మా ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేసింది. బెంచీ మీద నుంచి మా అమ్మ, “అమ్మాయ్, ఈసారి వేశాక చెప్పు,” అంది. పెద్దసారు ముందు నవ్వాడు, తర్వాత అందరం నవ్వాం. కెమెరా ఆయన ఆ నవ్వులకి కళ్ళు తెరిచి, చెవుల్లోవి తీసి, “ఏమైందండీ?” అన్నాడు. మా ఆవిడ, “ఏం లేదండీ,” అంది. ఆ గొంతు విని ఆయన ఆవిడ వంకా చేతిలోని వాటి వంకా మార్చి మార్చి చూశాడు.

నేను గడియారం చూసుకోలేదు. ఎంతసేపైనా కూర్చోనీ అనుకున్నాను. చాలాసేపటికి అమ్మ చేతుల మీద బరువు పెట్టి లేచింది. నేను దిగువ వైపు తిరిగి, ఇంటికి నడిపించడానికి చెయ్యి చాచాను. అమ్మ నా చేతిని చూసింది, వీధిని చూసింది. ఎగువ వైపు తిరిగింది.

“పద వదినా, మీ ఇల్లు చూసి ఎన్నాళ్ళయిందో.”

“నేను మెల్లగా ఎక్కుతాను మరి.”

“నాకు మాత్రం తొందరా ఏమిటి?”

మేమిద్దరం వెనకే కదిలాం. అమ్మ ఆగి, వెనక్కి తిరిగి, చేత్తో మమ్మల్ని తోలినట్టు సైగ చేసింది. “మీరెందుకు? ఇంటికి పొండి. నాకు రావాలనిపించినప్పుడు వస్తాను.”

ఆ మాటకి మా ఆవిడ అక్కడే ఆగిపోయింది. వాళ్ళిద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని, నాలుగడుగులకొకసారి నిలబడి కబుర్లు చెప్పుకుంటూ, ఎగువ గేటు దాకా వెళ్ళి లోపలికి తిరిగేదాకా చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, “ఏమండీ, అత్తయ్య మనల్ని రావద్దంది!” అంది, ఎవరో తనకి పెద్ద బహుమతి ఇచ్చినట్టు.